నార్విచ్ జైలర్ సింప్సన్‌ని మెచ్చుకోవాలా, వద్దా?

పాతకాగితం

ఇంగ్లండ్‌లో నార్ఫోక్ కౌంటీ జైలు నార్విచ్ కోటలో ఉండేది. 1783లో హెన్రీ కేబుల్ అనే కుర్రాడికి దొంగతనం కేసులో ఉరిశిక్ష వేశారు. అదే కేసులో అతని తండ్రిని ఉరి తీశారు. ఇతను చిన్నవాడని శిక్షను 14 ఏళ్ళ ద్వీపాంతరవాసంగా మార్చారు. మరుసటి ఏడాది సుసానా హోమ్స్ అనే అమ్మాయికీ ముందు ఉరి, తర్వాత 14 ఏళ్ళు. ఇద్దరూ వెళ్ళాల్సింది అమెరికాకి. కానీ 1775లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైనప్పుడే ఆ దారి మూసుకుపోయింది. గెలిచాక అమెరికా వాళ్ళు మీ ఖైదీలు మాకొద్దన్నారు. పంపే చోటు లేక ఇద్దరినీ ఏళ్ళ తరబడి ఆ కోటలోనే ఉంచారు. 1786లో వాళ్ళకి కొడుకు పుట్టాడు. పెళ్ళికి అనుమతి అడిగితే ఇవ్వలేదు.

ఆ నవంబరులో సుసానాని ప్లిమత్ రేవులోని డన్‌కర్క్ అనే ఓడజైలుకి తరలించారు. వెంట వెళ్ళింది జైలర్ జాన్ సింప్సన్. ఓడ కెప్టెన్ తల్లిని ఎక్కించుకున్నాడు, చంటిబిడ్డకి ఆర్డర్ లేదు కాబట్టి తీసుకోనన్నాడు. సింప్సన్ ఆ పాలు తాగే పిల్లాడిని ఒళ్ళో పెట్టుకుని గుర్రబ్బండిలో లండన్ వెళ్ళాడు. హోం మంత్రి లార్డ్ సిడ్నీని పట్టుకుని ఆర్డర్ తెచ్చాడు. బిడ్డని తల్లికివ్వాలి, తండ్రిని కూడా కలిపి పంపాలి అని.

ఆ కాలపు జైలర్లందరినీ రాక్షసులుగానే రాస్తారు. ఇది చదివాక అది న్యాయంగా అనిపించడం లేదు. మీరేమంటారు?

క్వార్టర్స్ పిల్లాడు

మంచి విషయం రాశారు. నేను జైలు క్వార్టర్స్‌లో పుట్టి పెరిగాను. మా నాన్న వార్డర్‌గా చేసి రిటైరయ్యారు. కెప్టెన్ కాదన్నాక సింప్సన్ బిడ్డతో నార్విచ్ తిరిగి వెళ్ళిపోయినా ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. చెప్పని పని నెత్తిన వేసుకుని మంత్రి గుమ్మం తొక్కాడు. డ్యూటీలో ఉన్నవాడికి అదెంత టెన్షనో బయటివాళ్ళకి తెలియదు.

సుజాతక్క

పిల్లాడు బతికాడా?

పాతకాగితం

బతికాడమ్మా. 1787లో అమెరికా బదులు ఆస్ట్రేలియాకి ఖైదీలని పంపిన మొదటి ఓడల వరసలోనే ముగ్గురూ వెళ్ళారు. 1788 ఫిబ్రవరి 10న సిడ్నీలో తల్లిదండ్రుల పెళ్ళయింది. వీళ్ళ కోసం ఇంగ్లండ్ జనం చందాలు వేసి కొనిచ్చిన సామాను ఆస్ట్రేలియా వెళ్ళే ఓడలో మాయమైతే, ఆ ఓడ కెప్టెన్ మీద కేసు వేసి 15 పౌన్లు గెలిచారు. హెన్రీ 1799లో అక్కడే చీఫ్ కానిస్టేబుల్ కూడా అయ్యాడు.

రైల్వేకాలనీ

ఒక్క సింప్సన్‌ని చూపించి వ్యవస్థ మొత్తాన్ని కడిగేయకండి. జాన్ హోవర్డ్ 1773లో బెడ్‌ఫర్డ్‌షైర్ షెరీఫ్ అయ్యాడు. తన కింద ఉన్న జైలు లోపలికి వెళ్ళి చూస్తే, కోర్టు నిర్దోషులని వదిలేసినవాళ్ళు కూడా అక్కడే ఉన్నారు. ఎందుకంటే జైలర్‌కి 15 షిల్లింగుల 4 పెన్స్, తాళాలవాడికి 2 షిల్లింగులు కట్టలేక. నిర్దోషులండీ వాళ్ళు! చాలా జైళ్ళలో బరువు సంకెళ్ళు తీసి తేలికవి వేయాలన్నా డబ్బే. లోపల తాగడానికి సరుకు అమ్మేది జైలరే. కిటికీల పన్ను తన మీద పడుతుందని కిటికీలు మూయించినవాళ్ళున్నారు. గాలి లేక, ఒకరి మీద ఒకరు పడుకుని జైలు జ్వరంతో పోయేవారు. హోవర్డ్ తన నోటు పుస్తకాన్ని నిప్పు దగ్గర కాచి గానీ తెరవలేకపోయేవాడు, అంత కంపు పట్టేది. అదంతా లంచాల కొంప. అప్పుడైనా ఇప్పుడైనా గేటు దగ్గర ఉన్నవాళ్ళందరూ ఒకటే.

క్వార్టర్స్ పిల్లాడు

లంచం కాదు, ఫీజు. చాలా జైళ్ళలో జైలర్‌కి జీతమే ఉండేది కాదు. ఆ ఫీజు చట్టం ఒప్పుకున్నదే. దొంగచాటుగా తీసుకుంటే లంచం, పట్టిక రాసి తీసుకుంటే ఫీజు. ఆ మాట వెనక్కి తీసుకోండి.

రైల్వేకాలనీ

వదిలేయమని కోర్టు చెప్పిన మనిషిని డబ్బు కోసం ఆపితే దానికి ఏ పేరు పెడితే ఏముంది? లంచమే.

క్వార్టర్స్ పిల్లాడు

పేరు పెడితే చాలా ఉంది. జీతం లేకుండా మీరు ఎన్నాళ్ళు పని చేస్తారు?

గోదారిగట్టు

మన మన్యం పోరాటం తర్వాత అల్లూరి అనుచరులు కొందరిని అండమాన్ పంపారు. దాని మీద కూడా ఒక చర్చ పెట్టండి.

పాతకాగితం

పెడదాం అన్నా, విడిగా.

ఫీజు సంగతికి వస్తే ఇద్దరూ ఒకటి వదిలేశారు. ఫీజు బదులు జైలర్‌కి జీతం ఇవ్వండని హోవర్డ్ కౌంటీ మేజిస్ట్రేట్లను అడిగాడు. ఇంతకుముందు ఏ కౌంటీ అయినా అలా ఇచ్చిందా, చూపించు అన్నారు వాళ్ళు. ఆయన గుర్రమెక్కి పక్క కౌంటీలన్నీ తిరిగాడు. ఎక్కడా లేదు. అన్నిచోట్లా ఇదే గోస కనిపించింది. ఆయన జైళ్ళ పని మొదలైంది అక్కడే.

క్వార్టర్స్ పిల్లాడు

చూశారా? తప్పు జైలర్‌ది కాదు, జీతం ఇవ్వని పెద్దలది.

రైల్వేకాలనీ

నేను చెప్పేదీ అదే కదా!

క్వార్టర్స్ పిల్లాడు

మీరు అది చెప్పలేదు. గేటు దగ్గర ఉన్నవాళ్ళందరూ ఒకటే అన్నారు. పైకి వెళ్ళి చదవండి. చిన్నప్పుడు బళ్ళో నన్ను పిల్లలు ‘ములాఖత్‌కి ఎంత?’ అని పిలిచేవాళ్ళు. మా నాన్న చెయ్యి చాచింది నేను ఒక్కనాడూ చూడలేదు. పోయేనాటికి మాకు సొంత ఇల్లు లేదు. అందుకే ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగిపోతాను.

రైల్వేకాలనీ

మీ నాన్నగారి గురించి నాకు తెలియదు. ఆ వాక్యం రాసి ఉండకూడదు, తప్పే.

కానీ నా మాటా వినండి. మా అన్నని ఒక కేసులో రిమాండ్ చేశారు. తర్వాత ఆ కేసు కొట్టేశారు. బెయిలు వచ్చిన తర్వాత కూడా 38 రోజులు లోపలే ఉన్నాడు. ష్యూరిటీ ఇద్దామంటే మా వైపు ఎవరికీ భూమి లేదు, పన్ను రసీదు ఉన్న ఇల్లు లేదు. 15 షిల్లింగుల 4 పెన్స్ అని చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. మా అన్నకి జ్వరమొస్తే డాక్టరు రాసిన మాత్రలు లోపలికి చేర్చింది ఒక వార్డరే. రూపాయి తీసుకోలేదు. మా అమ్మ ఇప్పటికీ ఆయనకి దణ్ణం పెడుతుంది. దణ్ణం పెట్టడం దగ్గరే ఆగిపోతుంది, నాకు కోపం అక్కడ. ఆ మంచి మనిషిని తలుచుకుంటూ, 38 రోజులు ఎవరి వల్ల పోయాయో అడగడం మానేశాం.

సింప్సన్ కథ కూడా అంతే. బిడ్డ తల్లిని చేరగానే ఇంగ్లండ్ అంతా కన్నీళ్ళు పెట్టుకుని చందాలు వేసింది. పంపే చోటు లేకుండానే ద్వీపాంతరం శిక్షలు వేసి, ఎన్నో కౌంటీ జైళ్ళలో జనాన్ని ఏళ్ళ తరబడి కుక్కినవాళ్ళ సంగతేంటి? థేమ్స్ మీద ఓడజైళ్ళు 1776లో రెండేళ్ళకని పెట్టారు. 1857 దాకా తీయలేదు. మొదటి 20 నెలల్లో ఎక్కించిన 632 మందిలో 176 మంది చచ్చిపోయారు.

క్వార్టర్స్ పిల్లాడు

అడగండి, నేనూ అడుగుతాను. కానీ వ్యవస్థ అనగానే గేటు దగ్గరవాడు చేతులు దులుపుకుంటాడు. ‘నాకు ఆర్డర్ లేదు’ అంటాడు, డన్‌కర్క్ కెప్టెన్ అన్నట్టు. సింప్సన్ అలా అనలేదు. మీ అన్నకి మాత్రలిచ్చిన ఆయనా అనలేదు.

రైల్వేకాలనీ

అనలేదు, నిజం. కానీ ఆయన మా అన్నకి ష్యూరిటీ నిలబడలేడు కదా.

హోవర్డ్ మాట వల్ల 1774లో చట్టం వచ్చింది. విడుదలైనవాళ్ళ దగ్గర ఫీజు తీసుకోకూడదు, కౌంటీ నిధుల నుంచి ఇవ్వాలి అని. ఆయన దాన్ని సొంత డబ్బుతో అచ్చు వేయించి ప్రతి కౌంటీ జైలుకీ పంపాడు. ఆ కాగితం గురించి కూడా ఇంతే మాట్లాడుకుందాం అంటున్నాను. మా అమ్మ ఆ 38 రోజులూ గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చుని, లోపలికి వెళ్ళే ప్రతి మనిషినీ ఎవరిని అడగాలి బాబూ అనే అడిగింది.