1/10 బగ్గీకి ముందుగా కొనవలసింది టైర్లా, అల్యూమినియం భాగాలా?

నత్తనడక:
నా దగ్గరున్నది రిమోట్‌తో నడిపే 1/10 స్కేలు (అసలు బండిలో పదో వంతు) ఎలక్ట్రిక్ బగ్గీ. మోటారు శక్తి వెనుక చక్రాలకే అందుతుంది. 17.5 టర్న్ (లోపలి తీగ చుట్ల లెక్క) మోటారు, 7.4 వోల్టుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీతో నడిచే తరగతిలో పోటీకి దిగుతున్నాను. మా ట్రాక్ ఎండిన మట్టిది. ఉదయం పైన పొడి దుమ్ము పేరుకుని ఉంటుంది, రేసులు జరిగేకొద్దీ అది పక్కలకు చెదిరి, మధ్యాహ్నానికి బాగా గట్టిపడిన చార ఒకటి బయటపడుతుంది. ఉదయం పూట మలుపు మధ్యలో వెనుక భాగం జారి బండి గిర్రున తిరిగిపోతోంది. ప్రస్తుతం నేను ఒక్కటే కొనగలను: ముందు, వెనుక హబ్‌లతో (చక్రాల ఇరుసులను పట్టి ఉంచే భాగాలు), స్టీరింగ్ ఆర్మ్‌లతో కూడిన అల్యూమినియం సెట్టు, లేదా ఫోమ్‌లతో (టైరు లోపల పెట్టే స్పాంజి వలయాలు) సహా రెండు రకాల టైర్లు. ఏది ముందో, ఎందుకో దయచేసి వివరించండి.

ఇరుసు:
టైర్లే, ఇందులో నాకు సందేహం లేదు. మోటారు ఎంత బలంగా తిప్పినా, సర్వో (ముందు చక్రాలను మళ్లించే చిన్న మోటారు) ఎంత కచ్చితంగా మళ్లించినా, ఆ పనంతా నేలకు చేరేది నాలుగు చక్రాల కింద నేలను తాకే ఆ కాస్త రబ్బరు ద్వారానే. మీ ట్రాక్ ఒకే రోజులో రెండు ట్రాక్‌లుగా మారుతోంది కాబట్టి రెండు రకాలు కొనాలన్న మీ ఆలోచన సరైనదే. దుమ్ము ఉన్నంతసేపూ పొడవుగా, ఎడంగా ఉన్న పిన్నులు (టైరు మీది రబ్బరు మొనలు) కావాలి, ఎందుకంటే అవి పై పొరను చీల్చుకుని అడుగునున్న గట్టి నేలను అందుకుంటాయి. చార బయటపడ్డాక అవే పిన్నులు దిగడానికి మెత్తని మట్టి దొరకక పక్కకు వంగిపోతాయి, బండి నిలకడ లేకుండా ఊగుతుంది, రబ్బరు వేడెక్కి త్వరగా అరిగిపోతుంది. అప్పుడు పొట్టిగా, దగ్గరదగ్గరగా ఉన్న పిన్నులకు మారాలి.

రేసు ముగియగానే వెనుక టైరును చేతిలోకి తీసుకుని చూడండి. పిన్నుల మొదళ్లు చిరుగుతూ, అంచులు ఒకే వైపుకు గుండ్రంగా అరిగిపోయి ఉంటే ఆ నేలకు అవి మరీ పొడవైనవని అర్థం. పిన్నులు కొత్తవాటిలా మెరుస్తూ, వాటి సందుల్లో దుమ్ము గట్టిగా కూరుకుపోయి ఉంటే అవి నేలలోకి దిగడమే లేదు. ఇక కాంపౌండ్ (టైరు రబ్బరు రకం) విషయంలో, ఎంత మెత్తనిదైతే అంత పట్టు అన్న నమ్మకం సగమే నిజం. ఎండకు కాగిన గరుకు నేల మీద మరీ మెత్తని రబ్బరు మొదటి కొన్ని ల్యాపులు బాగా పట్టి, ఆ తర్వాత జిడ్డు పూసినట్టు జారడం మొదలుపెడుతుంది. ఫోమ్‌ను కూడా తేలికగా తీసుకోకండి. ఓపెన్ సెల్ ఫోమ్ వాడగా వాడగా చప్పబడిపోతుంది, క్లోజ్డ్ సెల్ ఫోమ్ తన ఆకారాన్ని చాలాకాలం నిలుపుకుంటుంది.

వడిగాలి:
ఇరుసు గారు చెప్పినదంతా బాగానే ఉంది కానీ, టైరు అరిగిపోయే వస్తువు, ఈ రోజు కొన్నది కొన్నాళ్లకే చెత్తబుట్టలో పడుతుంది, లోహపు భాగం మాత్రం బండి ఉన్నంతకాలం ఉంటుంది. పైగా ప్లాస్టిక్ హబ్‌లు, ఆర్మ్‌లు వదులైన బండిలో చక్రాలు ఒక్కో మలుపులో ఒక్కో కోణంలో నిలబడతాయి. అటువంటి బండి మీద ఏ టైరు మంచిదో తేల్చడం ఎలా సాధ్యం? ముందు బండి బిగువుగా ఉండాలి, టైర్ల పరీక్ష ఆ తర్వాతి మాట.

పంటిచక్రం:
వదులు గురించి వడిగాలి గారి మాటతో ఏకీభవిస్తాను, దానికి ఆయన సూచించిన మందుతో మాత్రం కాదు. ఆ వదులు ఎక్కువగా వచ్చేది అరిగిన బాల్ కప్పుల (కడ్డీల చివర గుండ్రని కీళ్లను పట్టే ప్లాస్టిక్ గిన్నెలు) నుంచి, బేరింగులకు బదులు ప్లాస్టిక్ బుష్‌లు (సాదా గొట్టపు వలయాలు) వేసిన చోట్ల నుంచి, సర్వో హార్న్ (సర్వో మీద బిగించే చిన్న చేయి) నుంచి. ఇవన్నీ మార్చినా అల్యూమినియం సెట్టు ఖర్చులో చిన్న భాగమే అవుతుంది. ట్రాక్ అంచున ఉన్న పైపును గుద్దుకున్నప్పుడు ప్లాస్టిక్ భాగం కాస్త వంగి తిరిగి నిలబడుతుంది, లేదా విరుగుతుంది. విరిగింది కంటికి కనిపిస్తుంది. అల్యూమినియం ఆర్మ్ కొద్దిగా వంగి అలాగే ఉండిపోతుంది, లేదా తాను నిలిచి ఆ దెబ్బను పక్కనున్న భాగానికి పంపుతుంది. బండి ఎందుకు ఒక పక్కకు లాగుతోందో తెలియక గంటల తరబడి రిమోట్‌లో ట్రిమ్ (బండి నేరుగా వెళ్లేలా చేసే సర్దుబాటు) సరిచేసుకునేవారిని ప్రతి ట్రాక్ మీదా చూస్తాం. పైన పటారం, లోన లొటారం అన్నట్టుంటుంది వ్యవహారం.

అలాగని లోహం పనికిరాదనడం లేదు. 1984లో అసోసియేటెడ్ సంస్థ వారి ఆర్‌సీ10 బగ్గీ అల్యూమినియం తొట్టి చాసిస్‌తో (బండి అడుగు చట్రం), నూనె నింపిన షాకర్లతో వచ్చింది. తర్వాతి తరాల్లో అదే సంస్థ అచ్చుపోసిన ప్లాస్టిక్ చాసిస్‌లు చేసి, మళ్లీ అల్యూమినియం పలకకు మారింది. ఏ పదార్థం ఎక్కడ ఉండాలన్నది ఆ చోటు చేసే పనిని బట్టి తేలుతుంది.

వడిగాలి:
వెనుక హబ్‌ల సంగతి వేరు. ఇటువంటి బగ్గీకి వదులు మట్టి మీద వెనుక బరువు కావాలి, అల్యూమినియం హబ్ ఆ బరువునే ఇస్తుంది. నత్తనడక గారి సమస్య కూడా వెనుక జారడమే కదా.

ఇరుసు:
బరువు కావాలంటే చాసిస్ వెనుక భాగంలో, వీలైనంత కింద, ఇత్తడి ముక్క బిగించవచ్చు. హబ్‌లో పెట్టిన బరువు స్ప్రింగు కింది వైపు ఉంటుంది కాబట్టి, ప్రతి గతుకులోనూ షాకర్ ఆ అదనపు బరువును కూడా అదుపు చేయాలి. గతుకుల మట్టి ట్రాక్ మీద అది నష్టమే. నున్నని కార్పెట్ ట్రాక్ అయితే వడిగాలి గారి వాదనకు మరికొంత బలం ఉండేదని ఒప్పుకుంటాను. షాకర్లను విప్పి కొత్త నూనె పోసి, బుడగలన్నీ పైకి వచ్చేదాకా ఆగి మూత బిగించడం మాత్రం ఏ ట్రాక్ మీదైనా లాభమే. దానికి సిలికాన్ నూనె సీసా తప్ప మరేమీ అక్కర్లేదు.

పంటిచక్రం:
ఒక ముఖ్యమైన విషయం అందరం మరిచాం. ఏమీ కొనకముందే మీ పోటీల నియమావళి చదవండి. కొన్ని పోటీల్లో అందరూ ఒకే రకం టైరు వాడాలన్న నిబంధన ఉంటుంది. అలా అయితే రెండు రకాల ప్రశ్నే ఉండదు. మిగిలిన డబ్బు బేరింగులకు, మంచి సర్వోకు పెట్టండి.

నత్తనడక:
నియమావళి చూశాను, టైర్ల మీద ఆంక్ష లేదు. రెండు రకాల టైర్లు, బేరింగులు, బాల్ కప్పులు కొంటున్నాను. ఒక్క సందేహం: రిమ్‌కు అతికించేటప్పుడు గాలి రంధ్రాలు రిమ్‌కు చేయాలా, టైరుకా?

ఇరుసు:
పొడి నేల కాబట్టి రిమ్‌కు చేసినా చాలు. ట్రాక్ మీద నీళ్లు చల్లే అలవాటు ఉంటే టైరు మధ్య గీత మీద ఎదురెదురుగా రెండు రంధ్రాలు చేయండి. లోపలికి చేరిన నీరు చక్రం తిరిగే వేగానికి వాటిలోంచే బయటకు చిమ్ముతుంది. అతికించే ముందు టైరు అంచును, రిమ్ గాడిని ఆల్కహాల్‌తో తుడిచి, ఫోమ్ ఎక్కడా మడత పడలేదని వేళ్లతో నొక్కి చూసుకున్నాకే పలుచని సూపర్ గ్లూ వేయండి.