అప్‌డేట్: ఉద్యోగం మాని పలాసలో జీడిపప్పు యూనిట్ పెట్టాలా అని అడిగింది నేనే

విశాఖలో ఉద్యోగం మానేసి మసాలా జీడిపప్పు యూనిట్ పెట్టాలనుంది కానీ ధైర్యం చాలడం లేదు, బ్యాంకు తాకట్టు అడుగుతోంది అని ఆరు నెలల క్రితం రాశాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది "ముందు పది కిలోలు అమ్మి చూడు" అన్న సలహా. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తీసుకుని, సెలవు రోజుల్లో అమ్మ, నేను ఇంట్లోనే వేయించాం. మొదటిసారి వేడి మీదే సీల్ చేసేశాం, కవరు లోపల చెమ్మ పట్టి పప్పంతా మెత్తబడిపోయింది, ఆ రాత్రి చాలా ఏడ్చాను. రెండోసారి పూర్తిగా చల్లారనిచ్చి పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో ఒక షాపులో ఇస్తే వారానికే ఫోన్ చేసి ఇంకో ఐదు కిలోలు అడిగారు. నాకు ధైర్యం వచ్చింది ఆ ఫోన్‌తోనే.

లోను సంగతి: జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగితే 10 లక్షల లోపు చిన్న యూనిట్‌కి తాకట్టు అక్కర్లేదన్నారు. పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఆహార యూనిట్లకు కేంద్ర ప్రభుత్వ పథకం) కింద 35 శాతం సబ్సిడీ, మన వాటా కనీసం 10 శాతం అన్నారు. ప్రాజెక్ట్ రిపోర్టు, మెషిన్ కొటేషన్లతో వేరే బ్యాంకులో పెట్టాను, మంజూరైంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉచితం, దానికి ఏజెంట్లకు డబ్బివ్వకండి. నేను నెలల తరబడి టెన్షన్ పడిన లోగో, కంపెనీ పేరు గురించి ఎవరూ అడగనే లేదు.

పోయిన సోమవారం రాజీనామా ఇచ్చాను. ఇన్నాళ్లూ సరిగ్గా మాట్లాడని నాన్న, నిన్న గుండ్లు (విరగని పప్పులు), బద్దలు తనే వేరు చేసి డబ్బాల్లో పోశారు.