యూదుల ఇంటిపేర్లు అసలు ఎట్లా వచ్చాయి? తెలిసినవాళ్లు చెప్పండి

సుధీర్_ఫ్రాంక్‌ఫర్ట్: ఇక్కడ మా ఊళ్లో యూడెన్‌గాసె అని యూదుల పాత వీధి ఉండేది, ఇప్పుడు ఆ చోట మ్యూజియం ఉంది, మొన్న వెళ్లొచ్చా. 1462 నుంచి ఊళ్లోని యూదులందర్నీ ఆ ఒక్క సందులోనే ఉండమన్నారు. ఇంటికో బొమ్మ బోర్డు, అదే ఆ ఇంటి గుర్తు. ఎర్ర డాలు (జర్మన్‌లో రోట్ షిల్డ్) ఇంటివాళ్లు రోత్‌షీల్డ్‌లు అయ్యారు, తర్వాత వేరే ఇంటికి మారినా పేరు మాత్రం పోలేదు. మిగతా యూరప్ అంతా ఇంతేనా?

లలిత_వి: కాదు సుధీర్ గారూ, అది ఫ్రాంక్‌ఫర్ట్ సంగతి. స్పెయిన్ వైపు వాళ్లకి టోలెడానో లాంటి పేర్లు ముందునుంచే ఉన్నాయి గానీ జర్మనీ, పోలండ్ వైపు చాలామందికి స్థిరమైన ఇంటిపేరే లేదు, ఫలానా ఆయన కొడుకు ఫలానా, అంతే. మరి పన్ను వసూలుకీ సైన్యంలోకి తీసుకోడానికీ ప్రభుత్వానికి లెక్క దొరకాలిగా, అందుకే ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ 1787లో ఆర్డర్ వేశాడు, తర్వాత 1808లో నెపోలియన్, 1812లో ప్రష్యా (అప్పటి పెద్ద జర్మన్ రాజ్యం). రష్యాలో 1804లోనే చట్టం వచ్చినా సరిగ్గా అమలు కాక 1835లో మళ్లీ చెప్పాల్సొచ్చింది.

కడపోడు: అయితే ఆఫీసర్లకి లంచం ఇస్తే గోల్డ్‌స్టెయిన్, రోజెన్‌బర్గ్ లాంటి మంచి పేరు, ఇవ్వకుంటే తిట్టులాంటి పేరు అంటారే, అది నిజమేనా అక్కా?

లలిత_వి: కథలో ఉన్నంత లేదు తమ్ముడూ. గలీసియా (అప్పట్లో ఆస్ట్రియా కింద, ఇప్పుడు పోలండ్, ఉక్రెయిన్‌లలో ఉన్న ప్రాంతం) యూదుల పేర్లన్నీ పోగేసి డిక్షనరీ వేసిన అలెగ్జాండర్ బైడర్ లెక్కలో అవమానించే పేర్లు చాలా తక్కువ. ఊళ్ల పేర్లు చూడు ఎన్ని ఉన్నాయో, స్పయర్ నుంచి షపీరో, హోర్జొవిత్సె నుంచి హొరొవిట్జ్, మన కొండపల్లి, ఏలూరి లాగే.

వేణు_న్యూజెర్సీ: నాకు బాగా నచ్చింది అమ్మల పేర్లు. రివ్‌కిన్, సోర్కిన్, డ్వోర్‌కిన్ వింటే రష్యన్ అనుకుంటాం, కానీ అవి రివ్‌కా, సారా, డెబోరా అనే ఆడవాళ్ల పేర్ల మీద వచ్చినవి, బెలారస్ తూర్పు వైపు మరీ ఎక్కువ. ఇంకోటి, ఓడల్లో అమెరికా వచ్చినవాళ్లని చెక్ చేసి లోపలికి పంపిన న్యూయార్క్ దగ్గరి ఎల్లిస్ ఐలాండ్‌లో క్లర్కులు పేర్లు మార్చేశారని ఇక్కడ ప్రతి ఇంట్లో చెప్తారు. అది జరగలేదు, ఓడ ఎక్కిన రేవులో రాసిన లిస్టు పట్టుకునే వాళ్లు పిలిచేది, తర్వాత ఇక్కడ స్థిరపడ్డాక చాలామంది తమంతట తామే మార్చుకున్నారు.

సుధీర్_ఫ్రాంక్‌ఫర్ట్: అంటే ఇంటిపేరు చూసి యూదులో కాదో చెప్పలేం అన్నమాట.

లలిత_వి: అస్సలు చెప్పలేం. నాజీల సిద్ధాంతకర్త పేరే ఆల్ఫ్రెడ్ రోజెన్‌బర్గ్, అతను యూదుడు కాదు. పేరు వినగానే యూదులని తెలిసిపోవాలని 1938లో నాజీలు చట్టం తెచ్చారు, వాళ్ల లిస్టులో లేని పేరున్న మగవాళ్లంతా ఇజ్రాయెల్, ఆడవాళ్లంతా సారా అని 1939 జనవరి 1 నుంచి తగిలించుకోవాల్సిందే. ఆ కాలం పాస్‌పోర్టులు చూస్తే ఆ పేరు కనిపిస్తుంది, నాకైతే చూడగానే కడుపులో దేవినట్టైంది.

వేణు_న్యూజెర్సీ: ఎవరైనా వెతకాలనుకుంటే యాద్ వాషెమ్ (నాజీలు చంపిన యూదుల కోసం జెరూసలేంలో ఉన్న స్మారక సంస్థ) వాళ్ల పేర్ల డేటాబేస్ ఆన్‌లైన్‌లో ఉంది. ఒకే పేరు జర్మన్‌లో ఒకలా, పోలిష్‌లో ఇంకోలా రాసుంటారు, స్పెల్లింగ్ అటూఇటూ మార్చి చూడండి.