66డబ్ల్యూ ఇచ్చి కూలింగ్ ఆఫ్ గడువు వదులుకోవచ్చా?

పడమటి సిడ్నీ వాసి
అందరికీ నమస్కారం. టూంగాబీలో ఒక టౌన్‌హౌస్ మాకు బాగా నచ్చింది. 11,60,000 డాలర్లకు మాట కుదిరింది. నిన్న సాయంత్రం ఏజెంటు ఫోన్ చేసి, ఇదే ధరకు ఇంకొకరు 66డబ్ల్యూతో సిద్ధంగా ఉన్నారని, రేపు అయిదింటిలోగా మేమూ ఇస్తే ఇల్లు మాదేనని అన్నాడు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. న్యూ సౌత్ వేల్స్‌లో వేలంలో కాకుండా ఇల్లు కొంటే, ఇరువైపులా సంతకాలు చేసిన కాంట్రాక్టులు ఒకరికొకరు ఇచ్చి పుచ్చుకున్నాక (దీన్నే కాంట్రాక్టులు మార్చుకోవడం అంటారు) కొనేవారికి అయిదు పనిదినాల కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఆలోగా వద్దనుకుంటే ధరలో 0.25 శాతం వదులుకుని బయటపడవచ్చు. మన లాయరు 66డబ్ల్యూ సర్టిఫికెట్ మీద సంతకం చేసి ఇస్తే ఆ గడువు ఉండదు.

మాకు బ్యాంకు ప్రీ అప్రూవల్, అంటే లోన్‌కు ముందస్తు ఆమోదం, ఉంది. మా ఆవిడ ససేమిరా అంటోంది. ఎనిమిది నెలలుగా ప్రతి శనివారమూ ఇళ్ళ చుట్టూ తిరుగుతున్నాం, నాకు ఓపిక అయిపోయింది. ఇచ్చేయమంటారా?

లెక్కల మాస్టారు
మీ ఆవిడ మాట వినండి. గడువులో వెనక్కి తగ్గితే పోయేది 2,900 డాలర్లు. 66డబ్ల్యూ ఇచ్చాక లోన్ రాకపోతే పోయేది పది శాతం డిపాజిట్, అంటే 1,16,000. అక్కడితో ఆగుతుందన్న భరోసా కూడా లేదు. అమ్మేవాళ్ళు అదే ఇంటిని తరువాత తక్కువకు అమ్ముకోవలసి వస్తే ఆ తేడా కోసం మీ మీదికి రావచ్చు.

ప్రీ అప్రూవల్ అన్నది మీ జీతం చూసి ఇచ్చిన మాట. ఆ ఇంటిని బ్యాంకు ఇంకా చూడనేలేదు.

మూడిళ్ళు పోగొట్టుకున్నవాడు
మాస్టారూ, మీ లెక్క బాగానే ఉంది. కానీ ఇల్లు దొరక్కపోవడం ఆ లెక్కలో లేదు. నేను గడువు కావాలని పట్టుబట్టి స్కోఫీల్డ్స్‌లో ఒకటి, పెండిల్ హిల్‌లో రెండు పోగొట్టుకున్నాను. నాలుగోదానికి 66డబ్ల్యూ ఇచ్చాను, ఇప్పుడు అందులోనే ఉంటున్నాను.

గుడ్డిగా ఇవ్వలేదు. చెదలు, కట్టడం తనిఖీ ముందే చేయించాను. స్ట్రాటా (ఉమ్మడి భాగాలను చూసుకునే యజమానుల సంఘం) పుస్తకాలు చూపించి రిపోర్టు తెప్పించుకున్నాను. బ్రోకరు చేత వాల్యుయేషన్ (బ్యాంకు తరఫున ఇంటి విలువ కట్టడం) ముందే చేయించి, బ్యాంకు నుంచి తుది ఆమోదం కాగితం చేతికి వచ్చాకే సంతకం పెట్టించాను. అన్నీ తేలిపోయాక ఇక ఆ అయిదు రోజులు ఎందుకు?

లెక్కల మాస్టారు
అదే కదా నేను అనేది. మీకు అదంతా చేసుకోవడానికి ఎన్ని రోజులు పట్టింది? ఈయనకు ఉన్నది రేపు సాయంత్రం దాకా. పైగా చేతికి రాని ప్రతి ఇంటికీ తనిఖీ ఖర్చులు పోస్తూ వెళితే డిపాజిట్ కరిగిపోతుంది.

గోంగూర డాలరు
నా కథ చెబుతాను, ఆపైన మీ ఇష్టం. 2022 మే నెలలో రిజర్వు బ్యాంకు వడ్డీ పెంచడం మొదలుపెట్టింది. ఆ తరువాత కొద్ది వారాలకే నేను 9,80,000కు 66డబ్ల్యూ ఇచ్చేశాను. వాల్యుయేషన్‌కు వచ్చిన అబ్బాయి ఇంట్లో పావుగంట కూడా లేడు. లేజరుతో గదులు కొలిచాడు, వంటింటి సింకు కింద తలుపు తీసి ఉబ్బిపోయిన చెక్కను రెండు ఫొటోలు తీసుకున్నాడు, వెళ్ళిపోయాడు. రెండు రోజుల తరువాత 9,25,000 అని వచ్చింది.

బ్యాంకు తన 80 శాతాన్ని దాని మీదే లెక్కగట్టింది. 7,84,000 వస్తుందనుకున్న లోన్ 7,40,000 అయింది. ఆ 44,000 కోసం విజయవాడలో మా బావమరిది ఫిక్స్‌డ్ డిపాజిట్ గడువు తీరకుండానే విరగ్గొట్టాడు. ఇల్లు దక్కింది. పండక్కి వెళితే మాత్రం మా అత్తగారు ఆ సంగతి ఇంకా తీస్తూనే ఉంటారు.

తార్నెయిట్ తాతయ్య
నాయనా, మా మెల్‌బోర్న్‌లో గడువు మూడు పనిదినాలే. అయినా మాకు ఇంత కంగారు ఉండదు. ఎందుకంటే కాంట్రాక్టులోనే లోన్ షరతు రాయించుకుంటాం. ఫలానా తేదీలోగా ఫలానా మొత్తం లోన్ రాకపోతే డిపాజిట్ వెనక్కి. మా అమ్మాయికి తనిఖీ షరతు కూడా రాయించాను. సిడ్నీ వాళ్ళు గడువు గురించి కొట్టుకుంటారు గానీ షరతు అడగరేమి?

మూడిళ్ళు పోగొట్టుకున్నవాడు
అడిగాం తాతయ్య గారూ. ఇక్కడ ఆ మాట ఎత్తితే ఏజెంటు మన ఫోనే ఎత్తడు.

మియాపూర్ మనిషి
మీరంతా అదృష్టవంతులు. హైదరాబాదులో ఉన్నప్పుడు నేను పాత ఫ్లాటుకు అయిదు లక్షలు బయానా ఇచ్చాను. వంద రూపాయల స్టాంపు కాగితం, ఇద్దరు సాక్షులు. ఈసీ (ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపే కాగితం) తీయిస్తే తనఖా బయటపడింది. వద్దన్నాను. డబ్బు రాబట్టడానికి ఏడు నెలలు తిరిగాను. ఇల్లు కొన్నాక మనసు మార్చుకోవడానికి ఇన్ని రోజులని అక్కడ చట్టంలో లేదు. చట్టం ఇచ్చిన అయిదు రోజులను మన చేత్తో మనమే చింపేసుకోవడం నాకు అర్థం కాదు.

ఫైళ్ళ అక్క
నేను ఒక కన్వేయన్సర్ (ఇళ్ళ కొనుగోలు కాగితాల పని చూసేవారు) ఆఫీసులో పనిచేస్తాను. ఇస్తారా, ఇవ్వరా అన్న రెండు ముక్కల్లోనే అందరూ ఆగిపోయారు. ఆ గడువు రాతపూర్వకంగా పెంచుకోవచ్చు, తగ్గించుకోనూ వచ్చు. అమ్మేవాళ్ళకు తొందరగా ఉంటే మూడు రోజులకు ఒప్పుకోండి, బదులుగా వాళ్ళకు కావలసింది ఇంకేదైనా ఇవ్వండి. చాలామందికి ధర కంటే సెటిల్‌మెంట్ తేదీ, అంటే మిగతా డబ్బు కట్టి ఇల్లు చేతికి తీసుకునే రోజు, ముఖ్యం. మామూలుగా ఆరు వారాలు ఉంటుంది. వాళ్ళ కొత్త ఇల్లు ఆలస్యమవుతుంటే పది వారాలు ఇస్తామనండి, ముఖాలు విచ్చుకుంటాయి.

ఇంకొకటి. కాంట్రాక్టులు మార్చుకున్నాక అమ్మేవాళ్ళు కూడా కట్టుబడిపోతారు. గడువు నడుస్తుండగా ఎవరో ఎక్కువ ఇస్తామన్నారని మిమ్మల్ని వదిలేయడానికి లేదు. భయమంతా అంతకు ముందే, కాబట్టి గడువుతోనే త్వరగా మార్చుకోండి. మీ డిపాజిట్‌ను అమ్మేవాళ్ళు సెటిల్‌మెంట్‌కు ముందే వాడుకోవచ్చనే క్లాజు ఉందేమో చూసి కొట్టేయించండి. వెనక్కి తగ్గితే అమ్మేవారి లాయరుకు రాతపూర్వకంగా, అయిదో పనిదినం సాయంత్రం 5 గంటల్లోగా అందాలి. ఏజెంటుకు ఫోన్‌లో చెబితే చెల్లదు. శనివారాలు లెక్కలోకి రావు.

టౌన్‌హౌస్ కాబట్టి స్ట్రాటా రిపోర్టు మాత్రం వదలకండి. 2019 జూన్‌లో పగుళ్ళు వచ్చాయని సిడ్నీలో మాస్కట్ టవర్స్ అపార్ట్‌మెంట్లను ఖాళీ చేయించినప్పుడు రాత్రికి రాత్రి సంచులు పట్టుకుని బయటికి వచ్చినవాళ్ళను టీవీలో చూశాం కదా.

లెక్కల మాస్టారు
అక్కా, ఆ రెండో కొనుగోలుదారు నిజంగా ఉన్నాడంటారా?

ఫైళ్ళ అక్క
ఉండవచ్చు. నాకు కనిపించే ఫైలులో మాత్రం ఎప్పుడూ ఒక్కరే ఉంటారు.

పడమటి సిడ్నీ వాసి
అందరికీ కృతజ్ఞతలు. మా లాయరు బ్యాంకు తుది కాగితం చూడకుండా 66డబ్ల్యూ మీద సంతకం పెట్టేది లేదని ముఖం మీదే చెప్పేసింది. అక్క చెప్పినట్టు అయిదు రోజుల గడువు, పది వారాల సెటిల్‌మెంట్ అని అడిగాం. ఏజెంటు గంటసేపు ఉలుకూ పలుకూ లేడు. తరువాత అమ్మేవాళ్ళు ఒప్పుకున్నారన్నాడు. పిల్లల బడి ఏడాది ముగిసేదాకా కదలడం వాళ్ళకూ ఇష్టం లేదట. ఆ ఇంకొకరి మాట మళ్ళీ ఎత్తలేదు. 0.25 శాతం కట్టి గురువారం కాంట్రాక్టులు మార్చుకున్నాం.

ఈ రోజు తనిఖీ అయింది. చెదలు లేవు గానీ వెనక గోడ పక్కకు ఒరిగిందట, అది మాదా స్ట్రాటాదా అన్నది తేలాలి. బుధవారం పదింటికి వాల్యుయేషన్. గురువారం సాయంత్రం అయిదింటికి గడువు ముగుస్తుంది. మా ఆవిడ ఫ్రిజ్ మీద కాగితం అంటించి, దాటిన రోజులకు అడ్డగీతలు కొడుతోంది.

గోంగూర డాలరు
సింకు కింద తలుపు తీసి చూశారా?

పడమటి సిడ్నీ వాసి
చూశాం అన్నా. పొడిగానే ఉంది.