అమెరికాలో అగ్నిపర్వతాల రోడ్డు: వీల్‌చైర్‌లో ఉన్న అమ్మకు ఏ స్టాపులు వీలవుతాయి?

ప్రశ్న (ఒంగోలు)

జులై మూడో వారంలో అమ్మను తీసుకొని శాక్రమెంటోలో ఉన్న అక్కావాళ్ళింటికి పోతున్నాం. అక్కడి నుంచి కారులో లాసెన్ పార్కు, షాస్తా పర్వతం, క్రేటర్ లేక్ చూసి రావాలని బావ అంటున్నారు. ఆ దారిని వోల్కానిక్ లెగసీ సీనిక్ బైవే అంటారట. అమ్మకు 66 ఏళ్లు. పక్షవాతం వచ్చాక ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తగ్గాయి. పట్టుకుంటే నిలబడి నాలుగడుగులు వేస్తుంది, మిగతాదంతా వీల్‌చైరే. బీపీ మాత్రలతో అదుపులో ఉంది.

నాకు తెలియాల్సింది: కుర్చీ దింపి నిజంగా తిప్పగలిగిన చోట్లు ఏవి, కారులోంచే చూడాల్సినవి ఏవి, అసలు వదిలేయాల్సినవి ఏవి? ఇక్కడి మడత కుర్చీ తీసుకుపోతే పనికొస్తుందా?

జవాబు 1 (నెల్లూరు, ఇప్పుడు ఉత్తర కాలిఫోర్నియా)

లాసెన్ నుంచి క్రేటర్ లేక్ దాకా ఆ దారి మొత్తం దాదాపు 500 మైళ్లు, అంటే 800 కిలోమీటర్లు. అంతా చూడాలనుకుంటే అమ్మగారికి కారు సీటు తప్ప ఇంకేమీ మిగలదు. రోజుకు ఒకటి రెండు చోట్ల కుర్చీ దింపేలా పెట్టుకోండి.

మొదటి రోజు లాసెన్. శాక్రమెంటో నుంచి రెడ్ బ్లఫ్ మీదుగా నైరుతి గేటుకు సుమారు మూడు గంటలు. లోపలి రోడ్డు 30 మైళ్లు. మంచు వల్ల చలికాలమంతా మూసి ఉంటుంది, ఎక్కువ మంచు పడిన ఏడాది జులై దాకా తెరవరు. బయలుదేరే ముందు పార్కు వెబ్‌సైటులో రోడ్డు స్థితి చూసుకోండి.

గేటు దాటగానే విజిటర్ సెంటర్ (కోమ్ యామానీ) వస్తుంది. అక్కడ ర్యాంపు, నీళ్లొచ్చే టాయిలెట్, తినేదానికి కెఫే అన్నీ ఉంటాయి. అరగంట ఆగండి. అది ఆయాసం సంగతి చూసుకునేదానికి కూడా. అప్పటికే మీరు 6,700 అడుగుల ఎత్తులో ఉంటారు, రోడ్డు ఇంకా పైకెక్కి 8,512 అడుగుల దాకా పోతుంది. అక్కడ గాలి ఒత్తిడి ఒంగోలులో ఉండేదానికి ముప్పావు వంతే. తలనొప్పి, ఆయాసం మొదలైతే పైన ఆగకుండా దిగిపోవడమే మందు. బీపీ మనిషి కాబట్టి ఆమె డాక్టరుకు ఈ ఎత్తు అంకె చెప్పి మరీ అడగండి, ఊరికే "కొండ మీదికి" అంటే ఆయనకు అర్థం కాదు.

తర్వాత సల్ఫర్ వర్క్స్. లాసెన్‌లో వేడి బురద ఉడకడం, ఆవిరి బుసకొట్టడం రోడ్డు పక్కనే కనబడేది ఇక్కడే. సిమెంటు నడకబాట ఉంది, కుర్చీ సులువుగా పోతుంది. కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. గాలి మీ వైపు తిరిగితే కుర్చీని అవతలి చివరకు జరపండి. బాట దాటి ఒక్క అడుగు కూడా వేయొద్దు. పైపెంకు పలచగా ఉంటుంది, కింద మరిగే నీళ్లు.

బంపస్ హెల్ అనే వేడి ఊటల లోయ ఫొటోలు చూసి ఆశపడతారు, అది వదిలేయండి. పోను రాను 3 మైళ్లు, రాళ్లు, ఎత్తుపల్లాలు. చెక్కబాట ఉంది గానీ అది లోపల చివర్లోనే. అక్కడిదాకా కుర్చీ పోదు.

కుర్చీకి అన్నిటికన్నా మంచిది డెవాస్టేటెడ్ ఏరియా బాట. అర మైలు లోపే చుట్టి రావచ్చు, నేల గట్టిగా, దాదాపు సమంగా ఉంటుంది. 1915 మేలో లాసెన్ శిఖరం పేలినప్పుడు కొట్టుకొచ్చిన బండల మధ్యే నడుస్తారు, ఎదురుగా శిఖరం కనబడుతూనే ఉంటుంది. కొంచెం ముందుకు పోతే రోడ్డు పక్కనే హాట్ రాక్ ఉంది. దాదాపు 300 టన్నుల బండ, కిందికి కొట్టుకొచ్చాక కూడా చాలా గంటలు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉందట. దాన్ని కారులోంచే చూడొచ్చు.

2021లో డిక్సీ కార్చిచ్చు ఈ పార్కులో సగానికి పైగా అంటుకుంది. నల్లగా కాలిన చెట్లు చూసి అవి అగ్నిపర్వతం వల్లే అనుకోకండి.

జవాబు 2 (కందుకూరు, ఫిజియోథెరపీ)

కారు గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మన దగ్గర డ్రైవరు పక్క సీటు ఎడమ వైపు, అక్కడ కుడి వైపు. కుర్చీని కారు పక్కన ముందుకు తిప్పి పెట్టినప్పుడు ఇక్కడ సీటు ఆమెకు కుడి చేతి వైపు వస్తుంది, బలమున్న వైపు నుంచి జరుగుతుంది. అక్కడ కుడి డోరు దగ్గర పెడితే సీటు ఎడమ చేతి వైపు పడుతుంది, అంటే పట్టులేని వైపు. ఇంట్లో బాగా ఎక్కే మనిషి అక్కడ జారేది ఇందుకే. కాబట్టి డ్రైవరు వెనక సీట్లో, ఎడమ డోరు నుంచి ఎక్కించండి. దిగేటప్పుడు మాత్రం ఎడమ వైపుకు జరగాలి, అప్పుడు ఒకరు ఆమె ఎడమ మోకాలికి తమ మోకాలు ఆనించి, నడుముకు కట్టిన బెల్టు పట్టుకోవాలి. ఎడమ చెయ్యి పట్టి లాగకూడదు, పక్షవాతం వచ్చిన భుజం కీలు తేలిగ్గా జారుతుంది.

అద్దెకు పెద్ద ఎస్‌యూవీ తీసుకోవద్దు, సీటు ఎత్తు. మినీవ్యాన్ సీటు దాదాపు కుర్చీ ఎత్తులోనే ఉంటుంది, పక్కకు జరిగే డోరు కాబట్టి కుర్చీని సీటుకు ఆనించి పెట్టొచ్చు.

కుర్చీ విషయం. ముందు చక్రం 8 అంగుళాలది, వెనకది 24 అంగుళాలది అయితే మన మడత కుర్చీ చాలు. విమానంలో తేలిగ్గా ఉంటుందని నాలుగూ చిన్న చక్రాలున్న ట్రాన్సిట్ కుర్చీ కొనొద్దు. అక్కడి బాటల మీద ప్యూమిస్ అనే తేలికైన బూడిద రాయి పొడి ఉంటుంది, చిన్న చక్రం కొత్తపట్నం ఇసుకలో దిగినట్టు దిగబడి కుర్చీ ముందుకు తూలుతుంది. అలాంటి చోట కుర్చీని కొంచెం వెనక్కి వాల్చి, ముందు చక్రాలు లేపి, వెనక చక్రాల మీదే నడపాలి. పల్లంలో కుర్చీని తిప్పి, మీరు వెనక్కి నడుస్తూ దింపండి. సీటు బెల్టు లేకపోతే ఇక్కడే వేయించుకోండి. బయలుదేరే ముందు బ్రేకులు బిగించి చూడండి, టైరు అరిగితే లివరు దాన్ని తాకదు.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగం అండీ, సీటు వైపు సంగతి మాకు తట్టనే లేదు. టాయిలెట్ల పరిస్థితి, విమానంలో కుర్చీ, పార్కింగ్ గురించి కూడా చెప్తారా? షాస్తా, క్రేటర్ లేక్ వైపు ఎలా ఉంటుంది?

జవాబు 3 (నెల్లూరు, టికెట్ల పని)

టికెట్‌లో ఏ వీల్‌చైర్ సేవ కోడ్ వేయించారన్నది ముఖ్యం. డబ్ల్యూసీహెచ్ఆర్ అంటే మెట్లెక్కగలరు, దూరం నడవలేరు. డబ్ల్యూసీహెచ్ఎస్ అంటే మెట్లెక్కలేరు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే సీటు దాకా మోయాలి. మీరు చెప్పినదాన్ని బట్టి అమ్మగారికి రెండోది. మామూలుగా మొదటిది వేసేస్తుంటారు, తర్వాత బస్సులో దింపే చోట మెట్ల దగ్గర తంటా. 48 గంటల ముందే ఎయిర్‌లైన్‌తో మాట్లాడి నమోదు చేయించండి. సొంత కుర్చీకి లగేజీ చార్జీ ఉండదు. చెక్-ఇన్‌లో ఇవ్వకుండా విమానం డోరు దాకా దాంట్లోనే పోయి అక్కడ ఇవ్వండి, ట్యాగ్ మీద "డోరు దగ్గరే తిరిగి ఇవ్వాలి" అని రాయించుకోండి. కాళ్లపలకలు, కుషన్ విప్పి చేత్తో లోపలికి తీసుకుపోండి, ఎక్కువగా పోయేవి అవే.

కాలిఫోర్నియాలో ప్లకార్డ్ (కారు అద్దం దగ్గర తగిలించే వికలాంగుల కార్డు) లేకుండా వికలాంగుల పార్కింగ్‌లో పెడితే గట్టి జరిమానా. డీఎంవీ (అక్కడి వాహనాల రిజిస్ట్రేషన్, లైసెన్సుల శాఖ) ఆఫీసులో రెగ్ 195 ఫారంతో బయటి నుంచి వచ్చినవాళ్లకు ట్రావెల్ ప్లకార్డ్ ఇస్తారు. డాక్టరు ధ్రువీకరణ భాగం ఉంటుంది, అక్కగారిని ముందే డీఎంవీలో మాట్లాడి ఉంచమనండి. పార్కుల్లో వికలాంగులకు ఇచ్చే ఉచిత యాక్సెస్ పాస్ మాత్రం అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు వాళ్లకే. విజిటర్ వీసా మీద అడగొద్దు.

జవాబు 1 మళ్లీ

టాయిలెట్లు: డెవాస్టేటెడ్ ఏరియా లాంటి చోట్ల ఉండేవి గుంట టాయిలెట్లు. లోపల కుర్చీ తిరిగేంత చోటు, పట్టుకునే కడ్డీ ఉంటాయి, కానీ నీళ్లుండవు. రెండు లీటర్ల సీసా, ఒక మగ్గు, సబ్బు కారులో పెట్టుకోండి.

లాసెన్ నుంచి ఉత్తరంగా బర్నీ ఫాల్స్. 129 అడుగుల జలపాతం. కింద లావా పొరల్లోంచి ఊరిన నీళ్లే దానికి ఆధారం కాబట్టి ఎండాకాలంలోనూ తగ్గదు. పార్కింగ్ దగ్గరి వ్యూ పాయింటు నుంచి కుర్చీలోనే చూడొచ్చు, కిందికి దిగే బాట వద్దు. వేసవి వారాంతాల్లో పార్కింగ్ నిండితే గేటు దగ్గరే ఆపేస్తారు, పొద్దున్నే పోండి. దారిలో సబ్‌వే కేవ్ బోర్డు కనబడుతుంది, మెట్లు దిగాలి, వదిలేయండి.

షాస్తాకు ఎవరిట్ మెమోరియల్ హైవే మీద బన్నీ ఫ్లాట్ దాకా కారు పోతుంది. 14,179 అడుగుల కొండ ఎదురుగా నిలబడి ఉంటుంది, కుర్చీ దించే పనిలేదు. వీడ్ అనే ఊరు దాటాక 97వ రోడ్డు మీద గ్రాస్ లేక్ రెస్ట్ ఏరియాలో ఆగి టాయిలెట్ పని చూసుకోండి.

పక్క రాష్ట్రం ఒరెగాన్‌లో ఉండే క్రేటర్ లేక్‌లో రిమ్ విలేజ్ దగ్గర తారు నడకబాట సరస్సు అంచునే సాగుతుంది. సుమారు 7,700 ఏళ్ల కింద మజామా పర్వతం పేలి, కూలి, ఏర్పడిన గుంట అది. లోతు 592 మీటర్లు, ఏ నదీ వచ్చి కలవదు, వానా మంచూ మాత్రమే. అంత నీలం అందుకే. ఇద్దరు తోడుంటే గాడ్‌ఫ్రే గ్లెన్ బాట కూడా ప్రయత్నించొచ్చు, మైలు చుట్టు. మట్టిబాట, అక్కడక్కడా వాలు ఉంది, లోయ అంచు వైపు కంచె ఉండదు. కుర్చీ ఎప్పుడూ లోపలి వైపునే ఉండాలి. పార్కు పత్రంలో "సహాయంతో వీలవుతుంది" అని ఉంటే గట్టి చేతులు రెండు జతలు కావాలనే అర్థం. నీళ్ల దాకా దిగే క్లీట్‌వుడ్ బాట మన పని కాదు.

జవాబు 4 (చీమకుర్తి)

అమ్మగారికి చూపించేదానికి ఒక మాట. డెవాస్టేటెడ్ ఏరియాలో బండ దగ్గరికి కుర్చీ ఆపి, రాయిలో తెల్లని పలుకులు చూడమనండి. అది డేసైట్, పైకి వచ్చి త్వరగా చల్లారిన రాయి. పలుకులు లోపలే ఏర్పడ్డాయి, మిగతాది గడ్డకట్టే లోపు పెరిగే సమయం దొరకలేదు. మన గెలాక్సీ గ్రానైట్ కూడా ఒకప్పటి శిలాద్రవమే, కానీ భూమి లోపలే నిదానంగా చల్లారింది. అందుకే పలుకులు పెద్దవి, ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. అక్కడి రాయి ముక్క తెచ్చుకోవడం నేరం, ఫొటో తీసుకోండి.

తిరిగి వచ్చేటప్పుడు 97వ రోడ్డు మీద డోరిస్ దగ్గర కాలిఫోర్నియా వ్యవసాయ తనిఖీ ఉంటుంది. పండ్లున్నాయా అని అడుగుతారు. మిగిలినవి ఒరెగాన్‌లోనే తినేయండి.