అప్‌డేట్: సిబిల్ స్కోరు తక్కువున్న కుటుంబానికే ఇల్లు కిరాయికి ఇచ్చాను

హన్మకొండలో మా ఇంటి పై పోర్షన్ అడిగిన దంపతుల్లో భర్త సిబిల్ స్కోరు (అప్పులు తీర్చిన తీరును బట్టి ఇచ్చే అంకె) 580 ఉందని, ఇవ్వవచ్చా అని మూడు నెలల క్రితం మీ సలహా కోరాను. చాలామంది వద్దన్నారు, ఒకరు మాత్రం అంకెతో ఆగిపోకుండా ఆయన అప్పుల చరిత్ర ఉండే రిపోర్టు మొత్తం చదవమన్నారు.

ఆయన అనుమతి లేకుండా ఆ వివరాలు నేను తెప్పించుకోకూడదు కాబట్టి, సిబిల్ లాంటి ప్రతి క్రెడిట్ సమాచార సంస్థ ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వవలసిన పూర్తి రిపోర్టును ఆయననే తెచ్చి చూపించమని కోరాను. 300 నుంచి 900 వరకు ఉండే ఆ స్కోరును దెబ్బతీసింది ఒకే ఒక పర్సనల్ లోన్ అని, ఏడు నెలల వాయిదాలు తప్పాక అది సెటిల్‌మెంట్‌తో, అంటే బాకీలో కొంత తగ్గించి కట్టించుకోవడంతో, ముగిసిందని, అంతకు ముందూ తర్వాతా ఒక్క వాయిదా కూడా తప్పలేదని అందులో కనిపించింది. తండ్రి ఆపరేషన్ కోసం తీసుకున్న అప్పు అది అని ఆయన చెప్పినప్పుడు, ముందే అడగనందుకు బాధపడ్డాను.

అయితే మన దగ్గర ఇంటి కిరాయి చెల్లింపులు సాధారణంగా ఆ రిపోర్టులోకి రావు, నాకు కావలసిందేమో అదే. అందుకే ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి, కాజీపేటలోని పాత ఇంటి యజమానితో ఫోన్‌లో మాట్లాడాను. నాలుగేళ్లలో కిరాయి ఒక్కసారీ ఆలస్యం కాలేదని ఆయన చెప్పారు.

అందరి దగ్గర తీసుకునే రెండు నెలల అడ్వాన్సే తీసుకుని, 11 నెలల అగ్రిమెంటు రాసుకుని, రిపోర్టు కాపీని తిరిగి ఇచ్చేశాను. ఈ నెల కిరాయి కూడా మూడో తేదీనే అందింది.