పురుగులమందు మరణాలు: పోలీసు లెక్క ఒకటి, రిజిస్ట్రేషన్ లెక్క ఇంకొకటి. ఏది తీసుకోవాలి?

ప్రశ్న: ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) ప్రాజెక్టు కోసం శ్రీకాకుళం జిల్లాలో పురుగులమందు తాగి చనిపోయినవారి వివరాలు సేకరిస్తున్నాను. పోలీసుల లెక్కకూ మరణాల రిజిస్ట్రేషన్ లెక్కకూ పొంతన లేదు. గైడ్ గారేమో ఒకే అంకె పెట్టమంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్‌లో పనిచేస్తానండి. ఆ రెండూ కలవవు, కలిస్తేనే అనుమానించాలి. ముందు ఊరు చూడండి. పలాస దగ్గర మందు తాగిన మనిషి విశాఖ కేజీహెచ్‌లో పోతే మరణం నమోదయ్యేది విశాఖలో. మీ జిల్లా రిజిస్టర్‌లో ఎంత వెతికినా దొరకదు.

తర్వాత ఫారం 4, అంటే మరణ కారణం రాసి డాక్టర్ ఇచ్చే సర్టిఫికెట్. కారణం దగ్గర 'ఓపీ పాయిజనింగ్' (ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగులమందు విషం) అని రాస్తారు. కింద ప్రమాదమా, ఆత్మహత్యా, హత్యా, విచారణలో ఉందా అని అడిగే గడి మాత్రం ఖాళీ. కొన్నిట్లో 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్' ఒక్కటే ఉంటుంది. గుండె ఆగకుండా పోయేవాళ్లెవరు చెప్పండి! జబ్బులకూ మరణ కారణాలకూ వాడే అంతర్జాతీయ కోడ్‌ల జాబితా ఐసీడీ-10లో కావాలని తాగితే ఎక్స్68, పొరపాటున అయితే ఎక్స్48, ఏదీ తేలకపోతే వై18. ఆ గడి నింపకపోతే కోడ్ వేసేవాళ్లకు ఆధారమే ఉండదు.

జవాబు (మరొకరు): పోలీసు లెక్కనూ అలాగే నమ్మేయకండి. శవ పంచనామాలో కారణం చాలావరకు ఇంట్లోవాళ్లు చెప్పిందే. 'కడుపునొప్పి తాళలేక' అన్న మాట ఎన్ని ఫైళ్లలో కనిపిస్తుందో చూడండి. అప్పులు, ఇంటి గొడవలు అనారోగ్యం కింద చేరిపోతాయి. కేసే పెట్టని మరణాలు వేరే. 2010లో దేశం మొత్తానికి పోలీసు లెక్కలు కూర్చే ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) చూపిన ఆత్మహత్యలు 1,34,599. ఇళ్లకు వెళ్లి అడిగి తెలుసుకున్న మిలియన్ డెత్ స్టడీ అదే ఏడాదికి వేసిన అంచనా సుమారు 1,87,000.

ప్రశ్న: ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు రాని కేసులు తీసేయనా?

జవాబు (మెడికల్ రికార్డ్స్): వద్దు, విడిగా ఒక వరసలో పెట్టండి. రిపోర్టు వచ్చాక పోలీసు ఫైలు మారుతుంది గానీ రిజిస్ట్రేషన్‌లో కారణం దిద్దించేవాళ్లు అరుదు. అందుకే డేటా ఏ తేదీన తీసుకున్నారో రాయండి. ఎక్స్68 ఒక్కటే తీసుకుంటే కనిష్ఠం; వై18, ఎక్స్48, పెండింగ్‌వి కలిపితే గరిష్ఠం. గైడ్ గారికి ఆ రెండూ చూపించండి.